మిట్టమధ్యాహ్నం మూడు దెబ్బలు

భయానికి పనికొచ్చే సామాను మా దుకాణంలో ఎప్పుడూ ముందు వరుసలో ఉంటుంది. నల్లదారం, పటిక, మిరపకాయలు గుచ్చిన నిమ్మకాయల దండ, ఉట్టిలో వేలాడదీసే బూడిద గుమ్మడికాయ. భక్తికి పనికొచ్చే కర్పూరం, వత్తులు, కుంకుమ వెనక అరల్లో ఉంటాయి. భక్తితో వచ్చినవాళ్లు నిదానంగా నిలబడి, వెతికి ఇచ్చేదాకా ఆగుతారు. భయంతో వచ్చినవాళ్లు ఆగరు. ఈ అమరిక మా బాపుది. నల్లగొండలో గడియారం దగ్గరి సందులో ఆయన పెట్టిన పూజా సామాను దుకాణంలోనే నేను పెరిగాను. బళ్లో నేర్చుకున్నది చాలావరకు మర్చిపోయాను. అక్కడ నేర్చుకున్నది మర్చిపోదామన్నా పోదు.

బాపుకు ఒకటే నియమం. సరుకు దేనికి అని అడగకూడదు. అడగాల్సిన అవసరం కూడా ఉండదు, చీటీ చూస్తే తెలిసిపోతుంది. ఎర్రగుడ్డ, వేపాకు, పసుపు అంటే ఎల్లమ్మకు. గుమ్మడికాయ, పటిక, సున్నం అంటే ఇంటికి తగిలిన దిష్టికి. గుమ్మడికాయ లేకుండా నల్లగుడ్డ, ఏడు నిమ్మకాయలు, మేకులు అంటే అది ఇంటికి కాదు, ఎవరో ఒక మనిషికి. చదివి కూడా చదవనట్టు ఉండడం మా పని. "మనం పొట్లం కట్టేటోళ్లం బిడ్డా, విప్పేటోళ్లం గాదు" అనేవాడు బాపు.

ఆ పొట్లం కట్టడం కూడా అందరిలా కాదు. దారం రెండు చుట్లు తిప్పి, కొసను లోపలికి మడిచి దాచేవాడు. ముడి ఎక్కడుందో పైకి కనపడేది కాదు. తెలిసినవాళ్లు ఒక మూల పట్టి లాగితే పొట్లం ఒక్కసారిగా విచ్చుకునేది. తెలియనివాళ్లు ఇంటికి పోయి పళ్లతో కొరికి తిప్పలు పడేవాళ్లు. ఏడేళ్లకే నాకు ఆ ముడి వచ్చు. ఇప్పుడు ప్లాస్టిక్ సంచులు వచ్చాయి గానీ, చేతులు ఖాళీగా ఉంటే నా వేళ్లు ఇప్పటికీ దారం కోసం తడుముకుంటాయి.

బేరం మాత్రం బాపు నేర్పలేదు, అది నేనే పట్టుకొచ్చుకున్న రోగం. కొనబోయే వస్తువును ముందు చిన్నబుచ్చాలి. చీరకు రంగు దిగుతుందని, పిందె వంకాయకు పుచ్చు ఉందని, కుండకు పగులుందని అనాలి. ఒకసారి బస్సులో కిటికీ సీటు కోసం, ఎండ ఎటు తిరుగుతుందో లెక్క చెప్పి ఒకాయన్ని లేపి, మునుగోడు దాకా అదే ఎండలో నేను మాడుకుంటూ పోయాను. అయినా బుద్ధి రాలేదు. నా నోటికి అడ్డం లేదని మా ఆయన అంటే, అది నోరు కాదు, తక్కెడ అనేదాన్ని.

ఆ తక్కెడ ఒకసారి ఒక ముసలమ్మ ప్రాణం మీదికి తెచ్చింది.

తెలంగాణ వచ్చిన తొలి సంవత్సరాలవి. బాపు అప్పటికి పోయాడు. దుకాణం నా చేతికి వచ్చింది, దసరాకు సరుకు దింపుకోవడానికి జాగా చాలడం లేదు. పానగల్ పోయే తోవలో మగ్గాల గల్లీ అని ఉంది. మా చిన్నప్పుడు ఆ గల్లీలో నడిస్తే రెండు పక్కలా మోతే. ఒక ఇంటి మోత చెవిలోంచి పోకముందే ఇంకో ఇంటిది వచ్చేది. నేను పోయేసరికి నాలుగైదు మగ్గాలు మిగిలాయి. నేసిన చేతులు చాలావరకు పట్నంలో లిఫ్టుల దగ్గర, బట్టల దుకాణాల్లో కూర్చున్నాయి. ఆ గల్లీ చివర మట్టిగోడల పాత పెంకుటింట్లో ఒక అవ్వ ఒంటరిగా ఉండేది. నేతగాడైన ఆమె పెనిమిటి పోయి చాలా ఏళ్లయింది. వెనక ఉన్న మగ్గం గది కిరాయికి ఇస్తుందని విని వెళ్లాను.

అవ్వది మర్రిగూడ దిక్కు పుట్టుక. అక్కడి బాయి నీళ్లలోని ఫ్లోరైడుకు ఆమె మోకాళ్లు చిన్ననాడే వంగిపోయి బిగుసుకున్నాయి, పళ్లు గోధుమరంగుకు తిరిగాయి. గోడ పట్టుకుని, నడుము ఒక పక్కకు ఒరిగి నడిచేది. తెలిసినవాళ్లకు అది నీళ్లు చేసిన పని. తెలియని పిల్లలు మాత్రం చూసి తలుపు చాటుకు పోయేవాళ్లు.

గది నాకు చూడగానే నచ్చింది. మందమైన గోడలు, లోపల చల్లగా ఉంది. కర్పూరం కరగదు, కుంకుమ గడ్డకట్టదు. మధ్యలో నేలలో తవ్విన గుంట, దాని మీద పాత గుంట మగ్గం. నేసేవాడు గుంటలో కాళ్లు దింపి, ఒడ్డున కూర్చుని నేస్తాడు. మగ్గం మీద బట్ట లేదు, పోగు లేదు, ఒట్టి కట్టెలు. ఒక మూలన మనిషెత్తు వడ్ల గుమ్మి. నచ్చిందని మొహంలో కనపడితే బేరం పోయినట్టే. బయటికి వచ్చి, అరుగు మీద చాటలో బియ్యం ఏరుతున్న పక్కింటామె వినేటట్టుగా చెయ్యి చాపి చూపించాను.

"అవ్వా, గీ గది ఏందో సల్లగ గొడ్తాంది. సూడు, ఎంటికలు లేసి నిలవడ్డయి. నేను రోజూ గిసుంటి సామానే అమ్మేదాన్ని, నాకు తెల్వదా? ఇండ్ల ఏందో మెదుల్తాంది."

అది ముసురు పట్టిన రోజు, నా చెయ్యి తడిగా ఉంది. ఎవరి వెంట్రుకలైనా లేస్తాయి. వంకాయకు పుచ్చు చెప్పినట్టు ఇంటికి దయ్యం చెప్పాను, అంతే.

అవ్వ నా చెయ్యి వంక చూడనైనా చూడలేదు. "మెదిల్తె మెదలనియ్యి బిడ్డా. గది గావాల్నా వద్దా, గది జెప్పు" అంది.

నేను అడిగిన కిరాయికే గది ఇచ్చింది. మగ్గం ఊడదీయించి గుంట పూడిపించాలన్నాను. దానికి మాత్రం దసరా పోయేదాకా ఆగమంది. ఆగాను. గెలిచిన బేరంలో చివర ఒక చిన్న మెతుకు వదిలేస్తే ఎదుటివాళ్లకు గౌరవంగా ఉంటుందని అప్పట్లో నా సిద్ధాంతం.

గది తలుపుకు నా తాళం వేశాను, చెవి నా బొడ్లోనే ఉంచుకున్నాను. మధ్యాహ్నం దుకాణంలో గిరాకీ పల్చబడే వేళకు ఆటోలో సరుకు తెచ్చి దింపుకునేదాన్ని. మూడో రోజు తలుపు ముందు నిలబడి చెవి తీస్తుంటే లోపల నుంచి మోత వినిపించింది.

టక్. కాసేపు ఏమీ లేదు. టక్. టక్.

తాళం వేసింది వేసినట్టే ఉంది. మోత ఇక రాదనిపించేదాకా బయటే నిలబడ్డాను. తెరిచాను. ఎవరూ లేరు. మగ్గానికి వేలాడే పలక మాత్రం, నేతలో పోగును దగ్గరికి కొట్టే ఆ బరువైన కట్టె, ఇంకా సన్నగా ఊగుతోంది. పెంకుల సందులోంచి పడే వెలుగులో దుమ్ము లేచి కనిపించింది. అట్టపెట్టెలు గడప లోపలికి తోసి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాను. దుకాణానికి వచ్చి, ముందు వరుసలోంచి ఒక నల్లదారం తీసి కాలికి కట్టుకున్నాను. ముప్పై ఏళ్లుగా అమ్ముతున్న సరుకు పనిచేస్తుందో లేదో చూడడం అదే మొదటిసారి.

నల్లదారం పనిచేయలేదు. మళ్లీ రెండు రోజులకు అదే వేళ, అవే మూడు దెబ్బలు. ఈసారి పక్కింటామె తన గడపలో నిలబడి ఉంది. ఆమె మొహం చూస్తే తానూ విన్నదని తెలిసింది. ఆమె నేతింటి బిడ్డ, నేతింటి కోడలు. మగ్గం మోత అయితే పుట్టినప్పటి నుంచి చెవిలో ఉన్నదే, ఇది నేత మోత కాదంది. బట్ట ఉన్న మగ్గం మెత్తగా మోగుతుందట, ఇది కట్టెను కట్టె కొట్టినట్టు పొడిగా ఉందట. నాలుగైదు నెలలుగా అప్పుడప్పుడు వినపడుతోందని, ఇన్నాళ్లూ పట్టించుకోలేదని చెప్పింది. "నువ్వన్న కాన్నుంచి నాకు గది మస్తు ఇనవడ్తాంది అక్కా" అంది.

నేను అన్నప్పటి నుంచి. ఆ మాట అప్పుడే నాకు తగలాల్సింది. తగల్లేదు.

భయపడ్డ దుకాణందారుకు ఒక చెడ్డ అలవాటు ఉంటుంది, సరుకును తిప్పి చూడకుండా ఉండలేరు. మర్నాడు పట్టపగలు, వీధిలో నలుగురు తిరుగుతుండగా టార్చి పట్టుకుని గదిలోకి వెళ్లి, మగ్గం గుంటలోకి దిగాను. గుంట గోడకు చిన్న గూడు ఉంది. అందులో ఎర్రగుడ్డ మూట. చేతికి తీసుకుంటే తేలికగా ఉంది. ఎట్లా విప్పానో నాకే తెలియదు, ఒక్క లాగుకు విచ్చుకుంది.

లోపల వందల ముడులు. రంగు వెలిసిన పోగులు, ప్రతి పోగుకూ ఒక ముడి, సన్నటి పుల్లల దువ్వెనలాంటి ఒక పొడుగాటి చట్రంలో గుచ్చి ఉన్నాయి. దాని పక్కన నల్లటి వెంట్రుకల కట్ట, బిరుసుగా, మొదలు దగ్గర తాడుతో బిగించి. అన్నిటి మీదా పసుపు, ఎండి పొరలు లేచిన కుంకుమ.

మా దుకాణంలో బాణామతి గురించి చెప్పుకోని మనిషి లేడు. ఎవరి జుట్టో తెచ్చి, ముడులు వేసి, పసుపు కుంకుమలు చల్లి, గుంటలో పెడతారని చిన్నప్పటి నుంచి విన్నదంతా ఒక్కసారిగా కళ్ల ముందు నిలబడింది. మూట ఎట్లాగో మళ్లీ కట్టి గూట్లో పడేసి, పైకి వచ్చి పక్కింటామె గడపలో కూలబడ్డాను. ఆమె నీళ్లిచ్చింది. చూసిందంతా చెప్పాను. ముడులు, జుట్టు, పసుపు, గుంట. చెప్పకూడదని అప్పటికి నాకు తోచలేదు.

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, నవ్వాక నాలుక చేదవుతుంది. ఆ గల్లీలో నలభై ఏళ్లు నేసినవాళ్లు ఉన్నారు. ఆ మూటలో ఏముందో కంటితో చూస్తే రెప్పపాటులో చెప్పగలవాళ్లే అందరూ. వాళ్లలో ఒక్కరూ విప్పి చూడలేదు. విప్పి చూసిన మనిషిని నేనొక్కదాన్నే, నాకేమో నేత అంటే చీర అంచు పట్టి ధర తగ్గించడం తప్ప ఇంకేమీ తెలియదు.

వారం తిరగకముందే పక్కింటామె కోడలికి జ్వరం పట్టుకుంది. దవాఖానకు తీసుకుపోతే రక్తం పరీక్ష చేసి, గోలీలిచ్చి, మళ్లీ రమ్మన్నారు. రెండు రోజులకు జ్వరం తగ్గకపోగా ఆ పిల్ల పలవరించడం మొదలుపెట్టింది. గోలీలు ఆపేశారు. సాగర్ దిక్కు నుంచి ఒక మంత్రగాడిని పిలిపించారు. గల్లీలో అవ్వతో ఎవరూ మాట్లాడడం లేదని, నల్లా దగ్గర ఆమె బిందెను పక్కకు జరిపేస్తున్నారని నాకు తెలుసు. దసరా గిరాకీ ఉంది కదా అని అటు పోవడం తగ్గించాను. గిరాకీ అంత లేదు నిజానికి.

ఒక పొద్దున పక్కింటామె చీటీ పట్టుకుని దుకాణానికి వచ్చింది. కళ్ల కింద నల్లగా ఉంది, రాత్రుళ్లు కోడలి పక్కనే కూర్చుంటోందట. చీటీ చదివాను. నల్లగుడ్డ, ఏడు నిమ్మకాయలు, ఏడు మేకులు, ఉప్పు, సాంబ్రాణి. గుమ్మడికాయ లేదు. మరొకసారి పైనుంచి కిందికి చూశాను, గుమ్మడికాయ లేదు. చివర చింతబరికెలు అని రాసి ఉంది. అవి మా దగ్గర దొరకవని ఆమెకు తెలుసు, తామే విరుచుకొస్తామంది.

బరికెలతో కొట్టేది దయ్యాన్నని అంటారు. దెబ్బలు తగిలేది మాత్రం మనిషి ఒంటికే. వంగిన మోకాళ్లతో పరుగెత్తనైనా లేని మనిషి ఒంటికి.

పుట్టి బుద్ధెరిగిన తర్వాత మా గల్లా మీద కూర్చుని ఆ మాట అనడం అదే మొదలు. "దేనికి?" అని అడిగాను.

ఆమెకు అర్థం కాలేదు. "నువ్వే గదా అక్కా సూసింది. నువ్వే గదా జెప్పినవు" అంది. తర్వాత తానే చెప్పింది. ఇయ్యాలనే, పన్నెండింటికి. మోత వచ్చే వేళకు అవ్వను బయటికి తీసుకొచ్చి, చేసింది ఒప్పుకునేదాకా అడుగుతారట. చెప్పేటప్పుడు ఆమె గొంతులో కోపం లేదు, కోడలు బతకాలన్న ఆశ ఒక్కటే ఉంది. నాకు అదే ఎక్కువ భయమేసింది.

దుకాణందారులకు ఆపదలో ఒకటే మంత్రం. "సరుకు లేదు" అన్నాను. నా నెత్తి మీదే నిమ్మకాయల దండలు వేలాడుతున్నాయి. ఆమె వాటిని చూసింది, నన్ను చూసింది, చీటీ వెనక్కి తీసుకుంది. సందు చివర ఇంకో దుకాణం ఉంది. నేను షట్టరు దించి, ఆమె చెయ్యి పట్టుకుని, నేను కూడా వస్తానని ఆటో ఎక్కించాను. తోవంతా గోలీల గురించి అడిగాను, ఆమె నిమ్మకాయల గురించి అడిగింది.

గల్లీలో అవ్వ ఇంటి ముందు ఇరవై మంది దాకా ఉన్నారు. పక్కింటామె పెనిమిటి, గల్లీలో పెద్ద నేతగాడు, చేతులు కట్టుకుని ఒక పక్కన నిలబడ్డాడు. మంత్రగాడు అరుగు మీద కూర్చుని చాయ తాగుతున్నాడు. అవ్వ ఇంట్లో ఉంది, ముందు తలుపు దగ్గరికి వేసి ఉంది, పొయ్యి పొగ పెంకుల్లోంచి వస్తోంది. పన్నెండు కావడానికి ఇంకా కొంచెం టైముంది. లోపల ముందు నేను చూసొస్తానన్నాను. నిపుణురాలిని కదా, ఎవరూ అడ్డం చెప్పలేదు.

పక్క నుంచి వెళ్లి మగ్గం గది తాళం తీసి, లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకున్నాను. అట్టపెట్టెల వెనక కూర్చున్నాను. బయట మాటలు గోడకు అవతల పురుగుల రొదలా ఉన్నాయి. మోత వస్తే ఏం చేయాలో అనుకోలేదు. రాకపోతే ఏం చేయాలో కూడా అనుకోలేదు. అంత బేరగత్తెకు ఆ క్షణంలో అడగడానికి ధర లేదు, తగ్గించడానికి సరుకు లేదు.

గుమ్మి వెనక కిర్రుమంది.

గుమ్మి చాటున గోడలో నడుమెత్తు చెక్క ఉంది. వంటింట్లోంచి వడ్లు తీసుకోవడానికి పాత ఇళ్లలో పెట్టే చిన్న ద్వారం అది. బేరం ధ్యాసలో గదిని నాలుగు సార్లు కొలిచినదాన్ని, ఆ చెక్కను మాత్రం చూడలేదు. చెక్క పక్కకు జరిగింది. అవ్వ చేతుల మీద పాకుతూ లోపలికి వచ్చింది. మగ్గం గుంజ పట్టుకుని, రెండు సార్లు జారి, మూడోసారికి నిలబడింది. కొంగుతో పలకను ఒకసారి తుడిచింది. తర్వాత దాన్ని ముందుకు లాగి ముందున్న దుంగకు కొట్టింది. టక్. ఊపిరి తీసుకుంది. టక్. టక్.

బయట రొద ఒక్కసారిగా ఆగిపోయింది.

అవ్వ గుంటలోకి చూసి, ఇంట్లో మనిషితో అన్నట్టే మామూలుగా అంది: "రా. వడ్డిస్తున్న."

నేను లేచి నిలబడ్డాను. ఆమె ఉలిక్కిపడి గుంజను గట్టిగా పట్టుకుంది. నన్ను చూసి, దొంగతనం చేస్తూ దొరికినదానిలా తల వంచుకుంది. గది నాకు కిరాయికిచ్చాక తనకు అందులోకి రావడానికి హక్కు లేదని ఆమె లెక్క. తప్పైందని నాకు చెప్పబోయింది, నాకు. నేను అడిగితే చెప్పింది.

"నేత ఆపి బువ్వకు లేసేటప్పుడు మూడు దెబ్బలు గొట్టేటోడు బిడ్డా. గది ఇని నేను వడ్డిస్తుంటి. నలభై ఏండ్లు గట్లనే. గా మోత లేకుంటె నాకు బుక్క దిగది. ముందుగల్ల లోపల్నే ఊకె అనుకునేదాన్ని, ఇనవడ్డట్టె ఉండేది. గీ నడుమ ఇనవడ్తలేదు. అందుకే నేనే కొడ్తున్న."

మూట సంగతి అడిగాను. ఆయన పోయినప్పుడు మగ్గం మీది బట్ట కోసి ఇచ్చేశారట, పోగులు గుచ్చిన ఆ పుల్లల చట్రాన్ని, అచ్చు అంటారట దాన్ని, మాత్రం ఊడదీసి దాచుకుందట. అంతకు మించి చెప్పడానికి టైము లేదు, బయట తలుపు కొడుతున్నారు.

ఒక చేత్తో మూట, ఒక చేత్తో అవ్వ చెయ్యి పట్టుకుని తలుపు తీశాను. మూట చూసి ముందున్నవాళ్లు వెనక్కి జరిగారు. మంత్రగాడు లేచి నిలబడి, దాన్ని కింద పెట్టమన్నాడు. నేను పెట్టలేదు. నా జీవితంలో అంత సరుకు తక్కువ బేరం నేనెప్పుడూ చేయలేదు, చేతిలో ఉన్నది నా పరువు ఒక్కటే.

"ముందుగాల నా మాట ఇనుండ్రి" అన్నాను. "గదిల సల్లగ గొడ్తాందని నేనన్నది అబద్ధం. కిరాయి తగ్గుతదని అన్న. నాకు మంత్రాలు తెల్వయి, తంత్రాలు తెల్వయి. పొట్లాలు కట్టుడు ఒక్కటే తెల్సు."

 ఎవరో ఒకావిడ మెల్లగా, గదే నిజమైతే నిన్నే కొట్టాలె అంది. నిజమే కాబట్టి ఒప్పుకున్నాను. ఆ మాట మీదే మూట మూల పట్టి లాగాను. మొన్న భయంలో నేనే మళ్లీ కట్టింది కదా, ఒక్క లాగుకు విచ్చుకుంది.

పెద్ద నేతగాడు మొదట అక్కడి నుంచే చూశాడు. తర్వాత చేతుల కట్టు విప్పాడు. ముందుకు వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, ఆ పుల్లల చట్రం మీద వేలు పెట్టి ఒక కొస నుంచి ఇంకో కొసకు జరిపాడు. నేత మానేసి ఏళ్లయిన చెయ్యి అది, అయినా ఒక్క పోగు మీద కూడా తడబడలేదు.

"గిది అచ్చు గదా" అన్నాడు, ఎవరితోనో కాదు, తనతోనే. "కొత్త పడుగు అతికేటందుకు ఉంచిన కొసలు. ముడులు గావు, అతుకులు." నల్లటి వెంట్రుకల కట్ట ఎత్తి భార్యకు చూపించాడు. "జుట్టంటివి. గంజి పెట్టే కుంచె గాదా? మీ నాయిన కట్టిచ్చిన కుంచె మనింట్ల లేదా?"

పక్కింటామె ఆ కుంచెను చేతిలోకి తీసుకుంది. పుట్టినింట్లోనూ మెట్టినింట్లోనూ రోజూ పట్టిన వస్తువు. నా నోటి నుంచి వెంట్రుకలు అని విన్నాక, ఆ మాటను దాటి చూడలేకపోయింది. పసుపు కుంకుమల గురించి ఎవరో అడగబోయి వాళ్లే ఆగిపోయారు. దసరాకు మగ్గానికి, అచ్చుకు బొట్టు పెట్టని ఇల్లు ఆ గల్లీలో ఏనాడూ లేదు. మంత్రగాడు అచ్చులోనే దాగి ఉందని ఏదో చెప్పబోయాడు. పెద్ద నేతగాడు తలెత్తి చూశాడు, అంతే. కొసలున్న అచ్చును తప్పుపట్టే మాట ఒక నేతగాడి ముందు అనకూడదని ఆ మంత్రగాడికి తెలియదు పాపం. కాసేపటికి చాయ గ్లాసు అరుగు మీద మిగిలింది, ఆయన లేడు.

కోడలి గురించి మాత్రం బేరం నేనే ఆడాను. పక్కింటామె ఇంకా సగం అటే ఉంది. మూడు రోజులు గోలీలు మింగించమన్నాను, ఆమె ఒకరోజు అంది. అదే ఆటోలో ఇప్పుడే దవాఖానకు నేను తీసుకుపోతానన్నాను, సాయంత్రం అంది. చివరికి ఆటో ఎక్కింది. వారం రోజులు పట్టింది జ్వరం దిగడానికి. ఆ పిల్ల ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి, మా దుకాణంలో బతుకమ్మకు పసుపు కొంటే కొసరు తీసుకోకుండా కదలదు. నేనే నేర్పాను.

దవాఖాన నుంచి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అవ్వ అన్నం తినకుండా గడపలో కూర్చుని ఉంది. ఎర్రగుడ్డ మడిచి, దారం చుట్టి, మూట కట్టడానికి తిప్పలు పడుతోంది. నేను తీసుకుని కట్టాను. రెండు చుట్లు, కొస లోపలికి. ఆమె నా వేళ్లనే చూస్తోంది.

"మీ బాపు గూడ గిట్లనే కట్టిండు" అంది.

పెనిమిటి పోయిన పదకొండో రోజు, ఎర్రగుడ్డ కోసం ఆ అచ్చును, కుంచెను సంచిలో పెట్టుకుని మా దుకాణానికి వచ్చిందట. విధవరాలు ఎర్రగుడ్డ ఎందుకు కొంటోందని ఎవరైనా అడుగుతారని భయపడిందట. బాపు గుడ్డ చించి, సంచిలోంచి వాటిని తానే తీసి, చూసి, చుట్టి, కట్టి, రెండు చేతులతో అందించాడట. దేనికని అడగలేదట.

నాకు అప్పుడు గుర్తొచ్చింది. గుంటలో మూట నా చేతికి ఒక్క లాగుకు విచ్చుకుంది. ముడి ఎక్కడుందో నేను వెతకలేదు, నా వేళ్లకే తెలుసు. బాపు కట్టిన పొట్లాన్ని, ఆయన చెప్పిన ఒక్క మాటా తప్పి, నేనే విప్పాను. గడపలో అవ్వ పక్కన కూర్చుని కాసేపు ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. ఏడుపు అయ్యేదాకా ఆగి, బేరం మొదలుపెట్టింది.

మగ్గం ఊడదీయొద్దు, గుంట పూడ్చొద్దు అంది. ఒప్పుకున్నాను. తన మోకాళ్లు ఇక గుమ్మి సందులో పాకలేవు, ఆ మోతకు దయ్యం పేరు పెట్టింది నేనే కాబట్టి ఆ మూడు దెబ్బలు నేనే కొట్టాలంది. రోజూ దుకాణం వదిలి రావడం కుదరదన్నాను. అయితే తాను బుక్క ముట్టనంది. రెండు రోజులకోసారి అన్నాను. ఆమె గోడ వైపు తిరిగి కూర్చుంది. చివరికి, కొట్టుడు నాది, బువ్వ నీది అన్నాను. ఆమె నవ్వింది, గోధుమరంగు పళ్లన్నీ కనపడేటట్టు. నేను ఓడిపోయిన మొదటి బేరం అది. అవ్వ కావాలన్నవన్నీ దక్కించుకుని, నాకు రోజూ ఒక పూట జొన్నరొట్టె, పచ్చిపులుసు మిగిల్చింది.

ఆరేళ్లు అట్లా నడిచింది. పన్నెండింటికి షట్టరు సగం దించి, స్కూటీ మీద పోయి, మూడు దెబ్బలు కొట్టేదాన్ని. తొందరగా కొడితే వంటింట్లోంచి తిట్టేది, మొదటి దెబ్బకు రెండో దెబ్బకు నడుమ ఊపిరి తీసుకోవాలట, ఆయన అట్లాగే కొట్టేవాడట. బాగా కొట్టిన రోజున "రా, వడ్డిస్తున్న" అనేది. ఆ పిలుపు నన్నో ఆయననో నేనెప్పుడూ అడగలేదు. ఆ మాత్రం నియమం నాకు మిగిలింది.

అవ్వ పోయినప్పుడు మూట ఆమెతో పంపుదామని ఎవరో అన్నారు. పెద్ద నేతగాడు వద్దన్నాడు, కొసలున్న అచ్చు మగ్గానికే ఉండాలన్నాడు. అది ఆ గూట్లోనే ఉంది. ఇల్లు ఇప్పుడు ఆమె చెల్లెలి కూతురుది, గది ఇప్పటికీ నా కిరాయిలోనే ఉంది. గల్లీలో ఆఖరి మగ్గం కూడా ఆగిపోయింది. మధ్యాహ్నం ఆ తోవన పోతే మిక్సీల మోత, ఫోన్ల మోత.

మొన్న గల్లీలోకి కొత్తగా కిరాయికి వచ్చిన ఒకావిడ దుకాణానికి వచ్చి, గొంతు తగ్గించి, పటిక, గుమ్మడికాయ అడిగింది. పక్కింట్లో మిట్టమధ్యాహ్నం ఎవరూ లేని గదిలో ఏదో కొడుతున్న మోత వస్తోందట. పొట్లం కట్టకుండా ఆమెను స్కూటీ వెనక ఎక్కించుకున్నాను. గది తాళం తీసి, పలక చేతికిచ్చి, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో చెప్పాను. బాగానే కొట్టింది. తర్వాత మగ్గం పక్కన చాప పరిచి, రోజూ పన్నెండింటికి అక్కడికే తెచ్చుకునే నా టిఫిన్ డబ్బా విప్పితే, రొట్టె ఒకటే ఉంది, ఇద్దరం సగం సగం తిన్నాం.